చేయి పోయిన పీత ఏమి తినును?

“సీత కష్టములు సీతవి, పీత కష్టములు పీతవి” అని మన పెద్దలు చెప్పుచుందురు. సీత కష్టములను గూర్చి చెప్పనివారు లేరు. హరికథలయందును, తోలుబొమ్మలాటలయందును, పాఠ్యపుస్తకములయందును అవి మనకు వినబడుచునే యున్నవి. పీత కష్టములు మాత్రము ఎట్టివో ఆ సామెత చెప్పినవారెవ్వరును వివరింపరైరి. ఆ కష్టములలో నొకదానిని గూర్చి యిచట వ్రాయుచున్నాను. నేను తెలుగు బోధించువాడనే కాని జంతుశాస్త్రము బోధించువాడను కాను. అయినను మన పాఠశాల పిల్లలలో అనేకులు సముద్రముపై బ్రతుకు కుటుంబములవారు. పీతను చేతితో పట్టి యెరిగినవారు. వారు కంటితో చూచినదానికి శాస్త్రజ్ఞులు ప్రయోగములచే కనుగొనినదానిని జోడించి చూపుటయే నా పని.

ముందుగా మాటల సంగతి. గంజాం తీరమున మనము పీత యందుము. మన ఒడియా మిత్రులు కంకడా యందురు. శిక్షణకై నేను ఆంధ్రదేశమున నున్న కాలమున, మెట్ట ప్రాంతములనుండి వచ్చిన సహాధ్యాయులు దీనినే ఎండ్రకాయ యనెడివారు. తీరవాసి యొకడు, “అది యే చెట్టున కాయును?” అని వారిని పరిహసించెడివాడు. సంస్కృతమున కర్కటకము, కుళీరము అని పేరులు. పంచాంగములోని కర్కాటక రాశి యీ పీతయే. ఇక దాని ముందున్న రెండు బలమైన కాళ్లు మనకు ముఖ్యము. అవి నడచుటకు కాదు, పట్టుకొనుటకు ఏర్పడినవి. కమ్మరి కొలిమివద్దనుండు పటకారువలె వానికి కొనయందు రెండు దవడలుండును. కావున ఈ వ్యాసములో వానిని పటకారులనియే వ్రాయుదును. పది కాళ్లలో రెండు పటకారులు, ఎనిమిది నడకకాళ్లు.

లోకమున పీత జాతులు వేలకొలది గలవు. వానిలో పటకారు పోయినపుడు తిండి కేమగునను విషయమును విజ్ఞానులు మిక్కిలి శ్రద్ధతో పరిశీలించినది ఐరోపా దేశపు తీరపీతను గూర్చి. ఇంగ్లండు, వేల్సు, ఫ్రాన్సు, బెల్జియము మొదలగు దేశముల రాతి తీరములందును, బురద నేలలందును ఇది సమృద్ధిగ నుండును. వీపు పెంకు అడ్డముగ కొలిచినచో బాగుగ పెరిగినదానికి తొమ్మిది సెంటిమీటర్ల వరకు నుండును. కన్నులకు వెనుక ఇరుప్రక్కలను ఐదేసి పండ్లవంటి మొనలుండును. రంగు తరచుగ పచ్చన. కొన్ని యెర్రబారి యుండును. మన మండపీతతో పోల్చినచో ఇది చిన్నది. కాని దీని ఆకలి చిన్నది కాదు. ఓడలతోపాటు పయనించి ఇది అమెరికా తూర్పు తీరమును చేరెను. 1817 నాటికే అచట దీనిని గుర్తించిరి. 1950 ప్రాంతమున ఆ దేశపు మెయిన్ రాష్ట్రమున ఇసుకలో నుండు మెత్తపెంకు గుల్లలు తరిగిపోయి, వానిని త్రవ్వి బ్రతుకు జనులు నష్టపడిరి. ఆ నష్టమునకు ఈ పీతయే ముఖ్యకారణమని యెంచిరి. ఒక చిన్న ప్రాణి పటకారుల బలము ఒక రాష్ట్రపు జీవనోపాధిని కదలించినదన్నమాట.

తీరపీత రెండు పటకారులును ఒక తీరుగ నుండవు. ఒకటి లావుగ, పొట్టిగ, మొద్దు పండ్లతో నుండును. అది మన దవడపండ్లవలె నలుగగొట్టుటకు పనికివచ్చును. రెండవది సన్నగ, పొడవుగ, వాడి పండ్లతో నుండును. అది కోయుటకు, చీల్చుటకు, సందులలోనికి దూర్చి లాగుటకు పనికివచ్చును. మన యింటి సామగ్రిలో చెప్పవలెనన్న మొదటిది అడకత్తెర, రెండవది కత్తెర. అడకత్తెరలో వక్కను కీలుకు దగ్గరగ నుంచినచో తేలికగ పగులును. కొనయందుంచినచో ఎంత నొక్కినను పగులదు. ఈ సూత్రమే పీత పటకారులో నున్నది. లావైన పటకారులో కదలెడు దవడకు, దానిని మూసెడు కండరము తగులుకొనియున్న చోటికిని నడుమనున్న కొలతలు బలము హెచ్చునట్లుగ అమరియుండును. అందలి కండరములును మెల్లగ కుదించుకొని గట్టిగ నొక్కెడి రకమువి. సన్నని పటకారులో బలము తక్కువ, చురుకుదనము ఎక్కువ. పారిపోవు రొయ్యను అడకత్తెరతో పట్టలేము. వక్కను కత్తెరతో నలుగగొట్టలేము.

చాలవరకు ఈ పీతలకు లావైన పటకారు కుడివైపున నుండును. పీతలలోను కుడిచేతివాటము కలదని తెలిసినపుడు మా తరగతిలోని యెడమచేతివాటపు పిల్లవాడొకడు, “పీతలలో నావంటివి లేవా?” యని యడిగెను. కలవు. వాని కథ ముందు చెప్పెదను; ఆ కథకును మన విషయమునకును దగ్గరి సంబంధమున్నది.

తీరపీత తినని వస్తువు అరుదు. చచ్చిన చేప, పురుగు, నాచు, నత్త, తన జాతి పిల్లపీత, ఏది దొరికిన దానిని తినును. అయినను దానికి ప్రీతియైన ఆహారము రాళ్లను అంటుకొని గుంపులుగ పెరిగెడు నల్లని ఆలిచిప్ప. ఆలిచిప్పను తినుట యన్న మాట తేలిక, పని కష్టము. చిన్న చిప్ప దొరికినచో పీత దానిని లావైన పటకారులో నుంచి ఒక్క నొక్కుతో పొడిచేయును. కొంచెము పెద్దదైనచో దానిని త్రిప్పి త్రిప్పి చూచి, రెండు చిప్పలు కలిసెడు కీలుకొన వద్ద నొక్కును. అప్పటికిని పగులనిచో మరల మరల అచటనే నొక్కుచుండును. చిప్పలో మొదట కంటికి కనబడని సన్నని బీటలు ఏర్పడి, నొక్కిన కొలది పెరిగి, తుద కది విరుగును. మరికొన్ని సమయములలో చిప్ప అంచును కొంచెము కొంచెముగ విరిచి, ఆ సందులోనికి సన్నని పటకారును దూర్చి లోపలి కండను కోసి తీయును. ఒక చేయి పట్టుకొనును, ఒక చేయి పగులగొట్టును, మరల ఒకటి పట్టుకొన రెండవది కండను చీల్చి నోటి కందించును. ఈ పనిలో రెండు చేతులకును విరామము లేదు.

ఇచట నొక వింత గలదు. పీత తాను పగులగొట్టగలిగిన చిప్పలలో అన్నిటికంటె పెద్దదానిని ఎన్నుకొనదు. వేల్సులోని బాంగరు నందు ఎల్నరు, హ్యూజు అను ఇరువురు పరిశోధకులు ఈ విషయమును పరీక్షించి 1978లో ప్రకటించిరి. వేరుసెనగకాయ వలుచుటకు క్షణము చాలును, కాని గింజ చిన్నది. కొబ్బరికాయలో గుజ్జెక్కువ, కాని యొలుచుటకు చాలసేపు పట్టును. చిప్ప పెద్దదగు కొలది లోపలి కండ పెరుగును. కాని దానిని పగులగొట్టు కాలము అంతకంటె వేగముగ పెరిగిపోవును. కావున నడుమ ఒక పరిమాణము వద్ద, పడిన శ్రమకు దొరికెడు తిండి అధికముగ నుండును. చిప్పలు సమృద్ధిగ నున్నపుడు పీత ఆ పరిమాణమునకు చేరువగా నున్నవానినే ఎక్కువగ తీసికొనెను. సంతలో బేరమాడు మన అమ్మలు ఇంతకంటె వేరుగ చేయుదురా?

తరువాత వచ్చిన పరిశోధకులు దీనికొక సవరణ చేసిరి. అనేక పర్యాయములు పీతలు ఆ లాభకరమైన పరిమాణముకంటెను కొంచెము చిన్న చిప్పలనే కోరుచున్నవని వారు గమనించిరి. ఎందులకు? పెద్ద చిప్పను మాటిమాటికి నొక్కినచో పటకారు పండ్లు అరిగిపోవును, ఒక్కొక్కపుడు విరుగును. ఈ పూట తిండికై రేపటి పనిముట్టును పాడుచేసికొనుట పీతకు నష్టము. తీరపీతను గూర్చి 2003లోను, అమెరికా పడమటి తీరపు పెద్ద పీతను గూర్చి 1990లోను ఇట్టి పరిశోధనలు వెలువడినవి. పటకారు నష్టమైనచో తిండికి గల హాని యెంతటిదో దీనివలననే ఊహింపవచ్చును. ఆ హాని అల్పమైనదైనచో పీత ఇంత జాగ్రత్త పడవలసిన పని యుండదు.

ఇంత విలువగల పటకారును పీత తానే విడిచివేయుననిన ఆశ్చర్యము కలుగును. కాని మీరందరును దానిని చూచియున్నారు. పీతను ఒక కాలు పట్టి లాగినచో కాలు మీ చేతిలో మిగులును, పీత పారిపోవును. మీరు కాలును పెరికితిమని యనుకొందురు; చాల సందర్భములలో పెరికినది మీరు కాదు, విడిచినది పీత. కాలి మొదట, ఒంటికి దగ్గరగ, ఒక సన్నని గీతవంటి చోటు కలదు. అచట తెగుటకు వీలుగ పెంకు ముందుగనే ఏర్పడియున్నది. ఆపద వచ్చినపుడు ఒక ప్రత్యేక కండరము కుదించుకొని ఆ గీతవద్ద కాలిని విరుచును. విరిగిన చోట లోపలనొక పొర కలదు. దానిలో నాడికిని నెత్తురునకును మాత్రము చిన్న రంధ్రముండును. కాలు పోయిన వెంటనే లోపలి ఒత్తిడిచే ఆ రంధ్రము మూసికొనును, నెత్తురు గడ్డకట్టును. పీత నెత్తురు మనదానివలె ఎర్రన కాదు. దానిలో ఇనుమునకు మారుగ రాగి యున్నందున గాలి తగిలినపుడు లేత నీలిరంగుగ కనబడును. ఈ తంత్రమును పరిశోధించి దానికి శాస్త్రనామ ముంచినవాడు బెల్జియము దేశపు లియేజు నగరమున పనిచేసిన లియోన్ ఫ్రెడరిక్ అను శరీరశాస్త్రవేత్త. అది 1883వ సంవత్సరము. ఆయన పరిశీలించినవానిలో మన కథానాయకుడైన తీరపీతయు నున్నది. తెలుగులో దీనిని స్వాంగవిచ్ఛేదము అనవచ్చును. బల్లి తోకను విడుచుటయు ఈ కోవకు చెందినదే.

కాని ఒక మాట. ఈ రక్షణ ఆ గీతవద్ద తెగినపుడు మాత్రమే కలుగును. ఎవరైన మోటుగ మెలిపెట్టి ఆ గీతకు లోపల ఒంటిమాంసముతో సహా పెరికినచో, మూయుటకు పొర యుండదు. పీత నెత్తురోడి చచ్చును. ఆటకై పీతకాళ్లను విరిచెడి పిల్లలు కొందరు మన తీరమున లేకపోలేదు. వారు దీనిని చదువుదురు గాక.

ఇపుడు అసలు ప్రశ్నకు వత్తము. పటకారు పోయిన పీత ఏమి తినును? సమాధానము మూడు సంగతులపై ఆధారపడును: పోయినది ఒకటియా, రెండునా, ఒకటియైనచో లావైనదా, సన్ననిదా, దొరకెడి తిండి గట్టిదా, మెత్తనిదా.

సన్నని పటకారు పోయి లావైనది మిగిలినచో చిప్పను పగులగొట్టు శక్తి మిగిలియున్నట్లే. కాని పట్టుకొనుటకు, త్రిప్పుటకు రెండవ చేయి లేదు. నడకకాళ్లతోను నోటి అవయవములతోను చిప్పను ఆనించుకొని పనిచేయవలెను. కావున పని నిదానించును. లావైనది పోయి సన్ననిది మిగిలినచో కష్టమెక్కువ. కత్తెరతో వక్క నలుగదు గదా! పలుచని చిప్పలు, చిన్నవి మాత్రమే దానికి లొంగును. పెద్దవాని జోలికి పోయినచో కాలము వ్యర్థము, ఉన్న యొక్క పటకారును విరుగు భయము. కావున అట్టి పీత భోజనపు పట్టిక మారిపోవును. ఆలిచిప్ప లున్నచోటనే యుండియు పురుగులను, చచ్చిన చేపలను, నాచును వెదకుకొనవలసి వచ్చును.

ఐర్లండులోని బెల్‌ఫాస్టు విశ్వవిద్యాలయమున పరిశోధకులు తీరపీతకు బంధువైన మరియొక పీతను పరీక్షించిరి. అది ఆ దేశములందు జనులు తినెడి పెద్ద పీత. 2009లో వారు ప్రకటించినదాని ప్రకారము, ఒక పటకారు పోయిన పీతలు ఆలిచిప్పలను చాల తక్కువగ తినగలిగెను. చేపకండను పెట్టినపుడు మాత్రము అట్టి లోపము కనబడలేదు. అనగా ఆకలి తగ్గలేదు, నోరు చెడలేదు. పనిముట్టు పోయినది, అంతియే. గట్టి పెంకులో దాగిన తిండి దానికి కనబడుచున్నను చేతికందనిదైనది.

దీనికి విరుద్ధముగ తోచెడి ఫలితము నొకదానిని కూడ చెప్పవలెను. లేనిచో మీరు సగము సంగతియే తెలిసికొన్నవారగుదురు. అమెరికాలోని చెసపీకు అఖాతమున నీలిపీత యను జాతిపై 1991లో వెలువడిన పరిశోధనలో, ఒక పటకారు పోయినను పీతలు గుల్లలను తినుట పెద్దగ తగ్గలేదు. రెండును పోయినపుడే బాగుగ తగ్గెను. ఇది ఏల? ఆ పరీక్షలో పెట్టినది ఆలిచిప్ప కాదు, బురదలో పాతుకొనియుండు మెత్తపెంకు గుల్ల. దాని పెంకు పలుచన. దానిని త్రవ్వి తీయుటయే ముఖ్యమైన పని. త్రవ్వుటకు ఒక చేయి చాలును. కావున ఈ రెండు ఫలితములును ఒకదానితో నొకటి పోరాడుట లేదు. పటకారు పోయిన నష్టమును కొలువవలెనన్న పీతను మాత్రమే చూచిన చాలదు, అది తినబోవు పెంకు మందమును కూడ చూడవలెను.

రెండు పటకారులును పోయినచో? పీత వెంటనే చావదు. దాని నోటివద్ద మూడు జతల చిన్న దవడకాళ్లును, వానికి లోపల గట్టి దవడలును ఉన్నవి. కడుపులోపల కూడ నూరుటకు పండ్లున్నవి. మెత్తని కండపై కూర్చుండి నోటితోనే చీల్చి తినగలదు, నడకకాళ్లతో నోటికి తోసికొనగలదు. గుల్లలు, చిప్పలు, నత్తలు మాత్రము దానికి ఇక లేనట్లే. పైగా దొరికిన చచ్చినచేపను వేరొక పీత లాగికొనబోయినచో ఎదిరించుటకు చేతులు లేవు. తిండి నష్టమనిన పగులగొట్టలేకపోవుట మాత్రమే కాదు, దొరికినదానిని కాపాడుకొనలేకపోవుట కూడ.

అన్ని పీతలకును పెద్ద పటకారు తిండికై యున్నదని తలంపరాదు. చిలికా సరస్సు అంచులలోను, గోదావరి ముఖమునందలి కోరింగ మడ అడవులలోను బురదపై గుంపులుగ తిరిగెడి చిన్న పీతలను చూడుడు. వానిలో మగదానికి ఒక పటకారు మితిమీరిన పెద్దది. శరీరపు బరువులో మూడవ వంతుకు మించి యుండవచ్చును. దానిని పైకెత్తి ఆడించుచుండును. ఆ పటకారు ఆడుపీతను పిలుచుటకును, వేరొక మగపీతను బెదరించుటకును మాత్రమే. దానితో ఒక్క మెతుకైనను తినలేదు, నోటి కది వంగదు. తినునది రెండవదైన చిన్న పటకారుతో. బురదను ఎత్తి నోటిలో నుంచుకొని, సారమును పీల్చి, మిగిలినదానిని చిన్న ఉండగ క్రింద విడుచును. ఆడుదానికి రెండును చిన్నవే గాన రెండు చేతులతోను తినును. ఈ మగపీత పెద్ద పటకారు పోయినచో తిండికి లోటు లేదు, బరువు తగ్గిన మేలు కూడ. చిన్నది పోయినచో ప్రాణముపైకి వచ్చును. మన తీరపీత విషయమున లావైనది పోవుట పెద్ద కష్టము; ఇచట చిన్నది పోవుట పెద్ద కష్టము.

పోయిన పటకారు మరల వచ్చునా? వచ్చును. ఈ సంగతి పల్లెకారులకు తరతరములుగ తెలిసినదే. దీనిని శాస్త్రమున స్థాపించినవాడు రియోమ్యూరు అను ఫ్రెంచి పండితుడు. ఆయన మంచినీటి రొయ్యజాతి ప్రాణులపై పరీక్షించి 1712లో పారిసు శాస్త్ర పరిషత్తు ముందుంచెను. తెగినచోట కొన్ని వారములకు మొగ్గవంటి బుడిపె లేచును. దానిలో క్రొత్త పటకారు మడతపెట్టిన గుడ్డవలె ఇమిడియుండును. కాని అది విప్పుకొనుటకు పీత తన పెంకును విడిచి క్రొత్తది తొడుగుకొనువరకు వేచియుండవలెను. పెంకు విడిచిన దినమున ఆ మొగ్గ తెరచికొని పటకారుగ సాగును. మొదటిసారి వచ్చినది చిన్నది, బలహీనమైనది. పూర్వపు పరిమాణము రావలెనన్న ఇంకను ఒకటి రెండు పర్యాయములు, ఒక్కొక్కపుడు అంతకంటె నెక్కువగ, పెంకు మార్చవలెను. పిల్లపీత తరచుగ పెంకు మార్చును గాన త్వరలోనే కోలుకొనును. పెద్దది ఏడాదికి ఒకటి రెండుసారులకు మించి మార్చదు. తీరపీత ముసలితనమున పెంకు మార్చుట పూర్తిగ మానివేయును. అటుపిమ్మట పోయిన చేయి పోయినదే.

ఈ క్రొత్త పటకారునకు కావలసిన పదార్థమంతయు తిండినుండియే రావలెను. తిండి సంపాదించు పనిముట్టును తిరిగి చేసికొనుటకు తిండి కావలెను. పనిముట్టు లేనిదే తిండి రాదు. అందువలననే అట్టి పీతలు పెంకు మార్చినపుడు మిగిలినవానియంత పెరుగవు. పెక్కు కాళ్లు ఒక్కసారి పోయినచో కొన్ని జాతుల పీతలు త్వరపడి పెంకు మార్చును. ఆగ్నేయాసియాలో కొందరు పీతల పెంపకందారులు ఈ గుణమును ఆశ్రయించి, మెత్తపెంకు పీతలు త్వరగ కావలెనని మండపీతల కాళ్లు తీసివేయుదురు. ఆ పద్ధతి నాకు నచ్చలేదు, కాని ఉన్నదానిని ఉన్నట్లు చెప్పవలెను.

ఇపుడు ఎడమచేతివాటపు పీతల కథ. కుడివైపున నున్న లావైన పటకారు పోయినచో, దాని చోట మొలచెడి క్రొత్తది సన్ననిదిగ మొలచును. ఇదివరకు సన్ననిదిగ నున్న యెడమ పటకారు, పెంకు మార్చినపుడెల్ల కొంచెము కొంచెముగ లావెక్కి, మొద్దు పండ్లు తొడిగి, అడకత్తెరగ మారును. అనగా ఇల్లు నడిపిన అన్న పోగా తమ్ముడు భారమెత్తుకొనినట్లు. కావున ఎడమవైపున లావైన పటకారు గల తీరపీత కనబడినచో, అది యొకప్పుడు కుడిచేయి పోగొట్టుకొనిన పీత యని చాలవరకు ఊహింపవచ్చును. ఏ ఆపదలో పోయినదో మనకు తెలియకున్నను, ఆపద జరిగినదన్న గుర్తు దాని చేతులలోనే వ్రాయబడియున్నది. పెద్దవానిలో ఎడమచేతివి ఎక్కువగ కనబడుటకును కారణ మిదియే. వయసు పెరిగిన కొలది ఆపదలు పెరుగును గదా. మా తరగతి పిల్లవానికి ఈ సంగతి చెప్పగా, తన చేయి పుట్టుకతోనే అట్టిదని గట్టిగ వాదించెను. మనుష్యుల విషయమున అతని మాటయే నిజము.

తిండి యొక్కటియే కాదు, సంసారము కూడ పటకారుపై ఆధారపడియున్నది. ఒక పటకారు లేని మగ తీరపీతలు ఆడువానితో జతకట్టుటలో వెనుకబడుచున్నవని 1994లో పరిశోధకులు తెలిపిరి.

తల్లిదండ్రులు శ్రద్ధగ వినవలసిన భాగము ఇది. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున ఒక లావుపటకారుల పీతను పట్టెదరు. అచటి చట్టము ప్రకారము పీతను ఉంచుకొనరాదు. పటకారును మాత్రము విరిచి తీసికొని పీతను మరల సముద్రమున విడువవలెను. అక్టోబరు 15 నుండి మే 1 వరకు మాత్రమే ఈ వేట సాగును. గ్రుడ్లతో నున్న ఆడుదానిని ముట్టరాదు. పీత చావదు, చేయి మరల మొలచును, సరుకు తరుగదు అని యీ పద్ధతి యొక్క ఆశయము. వినుటకు బాగుగనే యున్నది. కాని 1978లో జరిగిన పరీక్షలో ఒక పటకారు తీసిన పీతలలో నూటికి 28, రెండును తీసినవానిలో నూటికి 47 చచ్చిపోయెను. బ్రతికినవి గట్టి గుల్లలను పగులగొట్టలేక మెత్తని తిండి వెదకుకొనవలెను. అచటివారు 2020లో తీయదగిన పటకారు కనీసపు కొలతను పెంచి రెండున్నర అంగుళములకు పైగ, సరిగ చెప్పవలెనన్న రెండు అంగుళముల ఏడు ఎనిమిదవ వంతులు చేసిరి. పెరిగినవానినే తీయవలెనని యుద్దేశము.

మన తీరమున అట్టి వేట లేదు. కాని వీపున మూడు చుక్కలు గల పీతలు వలలో చిక్కినపుడు జరుగునదేమి? పీత వలకన్నులను పటకారులతో పట్టి మెలిపెట్టుకొనును. వలను కోసినచో నష్టము. తీరికగ విడిపించుటకు ప్రొద్దు చాలదు. కావున పటకారును విరిచి పీతను లాగుట అలవాటైనది. అమ్మెడి పీతకు చేయి లేనిచో సంతలో ధర తగ్గునని మీకు నాకంటె బాగుగ తెలియును. నీటిలో మరల వేసెడి చిన్న పిల్లపీతలను, గ్రుడ్లపీతలను గూర్చియే నేను చెప్పుచున్నది. చేయి విరిచి నీటిలో వేసినపుడు, విడిచిపెట్టితిమి గదా బ్రతుకునని తలంతుము. అది గీతవద్ద తెగినదా, ఒంటితో పెరికివచ్చినదా యన్న దానిపై ఆ బ్రతుకు ఆధారపడియున్నది. బెల్‌ఫాస్టు పరిశోధకులు 2007లో ప్రకటించిన మరియొక పరీక్షలో, పీత తానై విడిచిన పటకారుకంటె మనిషి మోటుగ పెరికిన పటకారు వలన గాయము పెద్దదై చావులు హెచ్చెనని తేలినది. పట్టు వదలని పీతను కొంతసేపు నీటి తొట్టిలో వలతోసహా వదలినచో తరచుగ తానే పట్టు సడలించును. ఒక తొట్టియు, కొంచెము ఓర్పును ఉన్న చాలును. చుక్కల పీత పిల్ల రెండు పటకారులతో నీటికి పోయినచో అది గుల్లలు తిని పెరిగి మరల మన వలకే వచ్చును.

విద్యార్థులకు ఒక పని. సంతలో గాని, పడవ ఒడ్డున గాని పీతలు కనబడినపుడు వాని రెండు పటకారులను పోల్చి చూడుడు. ఏ ప్రక్కది లావు? పండ్లు మొద్దువా, వాడివా? ఏ పటకారైన రెండవదానికంటె మరీ చిన్నదిగ, లేతరంగుగ, క్రొత్తదిగ నున్నదా? ఒక కాగితముపై పీత రకము, కుడి, ఎడమ, లేనిది, క్రొత్తగ మొలచినది అని గీతలు గీచి లెక్క వ్రాయుడు. ప్రాణముతో నున్నదానిని వెనుకనుండి వీపు పెంకును పట్టి యెత్తవలెను. పెద్దవారు దగ్గరలేనిదే మండపీత జోలికి పోవలదు. ఇంటిలో మీ తాతలు పటకారునకును, మొగ్గకును, మెత్తపెంకు పీతకును ఏ పేరులు వాడుదురో అడిగి అవికూడ వ్రాసి తెండు. లెక్కలును, మాటలును రెండును చేర్చి వచ్చు సంచికలో అచ్చువేయుదము.